పెద్దలకు వినిపించని పైకప్పు

విశాఖపట్నంలో బస్సు కోసం నిలబడ్డ మనిషికి తల మీద రేకు ముక్క కూడా ఉండదు. వానొస్తే చేతిసంచి నెత్తిన పెట్టుకుని పక్క కొట్టు చూరు కిందకి పరిగెత్తాలి. కొట్టువాడు విసుక్కుంటే మళ్లీ వానలోకి రావాలి. అలాంటి ఊళ్లో ఆ ఏడాది పెద్దమనుషులంతా నిద్రాహారాలు మాని చర్చించింది ఒకే ఒక్క సంగతి. క్రికెట్ స్టేడియానికి పైకప్పు వెయ్యాలా, వద్దా.

కారణం లేకపోలేదు. కొండవాలు స్టేడియంలో వరసగా మూడు పెద్ద మ్యాచ్‌లు వానలో కొట్టుకుపోయాయి. మూడోసారి ముఖ్య అతిథి మెడలోని దండ తడిసి, దాని రంగు ఆయన తెల్లచొక్కాకి అంటింది. ఆ ఫొటో ఊరంతా తిరిగింది. దాంతో నగరం పరువు పోయిందని కొందరికి హఠాత్తుగా తెలిసొచ్చింది. ఊరు రెండు వర్గాలయింది. ఇనపకప్పు వెయ్యాలన్నవాళ్లలో ఎక్కువమందికి ఇనుముతోనో సిమెంటుతోనో చుట్టరికం ఉంది. వద్దన్నవాళ్లు ఆ పనిలో వాటా దక్కదని తేలిపోయినవాళ్లు. క్రికెట్ అనేది ఆకాశం కిందే ఆడాల్సిన ఆట అని వీళ్లు పత్రికల్లో కన్నీళ్లతో రాశారు. రెండు వర్గాల్లో ఒక్కడైనా వానలో బస్సు కోసం నిలబడ్డవాడు లేడు.

ఈ రెండు వర్గాలనీ సమానంగా ఏవగించుకున్న మనిషి డాక్టర్ కుముదిని. సాగరతీరం ధ్వని ప్రయోగశాలలో శాస్త్రవేత్త. వయసు నలభై నాలుగు. ఎవరు మాట్లాడుతున్నా ఒక కనుబొమ్మ కొద్దిగా ఎత్తి వినేది. ఆ కనుబొమ్మ చూసి చాలామంది మధ్యలోనే మాట మింగేసేవాళ్లు. మనుషులంటే ఆమెకి చిన్నచూపు. దాన్నే ఆమె తెలివి అనుకునేది.

పైకప్పు ఆలోచన ఆమెకి ఆ చిన్నచూపులోంచే పుట్టింది. ఇంతమంది దద్దమ్మలు ఇన్ని నెలలుగా కొట్టుకుంటున్న విషయాన్ని తను ఒక్క వేసవిలో తేల్చేస్తే ఎలా ఉంటుంది? తేల్చింది కూడా.

నగర క్రీడా సంఘం పెద్దలు ప్రయోగం చూడటానికి వచ్చిన రోజున కుముదిని ప్రయోగశాల వాకిట్లో కూతురి చేత పెద్ద ముగ్గు వేయించింది. కూతురి పేరు తన్మయి, ఎనిమిదో తరగతి. ముగ్గుకి నాలుగు మూలలా గిన్నెలంత ఇత్తడి బాకాలు, మూతులు పైకి పెట్టి నిలబెట్టింది. మేడ మీద నుంచి గొట్టాలతో నీళ్లు జల్లుగా వదిలారు. వాన లాగే పడుతున్న ఆ నీళ్లు ముగ్గు పైన నిలువెత్తున ఆగి, ఎవరో చేత్తో తోసినట్టు పక్కలకి వాలిపోయాయి. పిండిముగ్గులో ఒక్క చుక్క చెదరలేదు. చుట్టూ నిలబడ్డ పెద్దల బూట్లు మాత్రం తడిసి ముద్దయ్యాయి.

సంఘం అధ్యక్షుడు సింహాద్రినాయుడు ముగ్గులోకి చెయ్యి పెట్టి, పైకెత్తి, పొడిగా ఉన్న అరచేతిని అందరికీ చూపించాడు. అదెలా జరిగిందని అడిగాడు. శబ్దమంటే గాలి కొట్టే దెబ్బేననీ, చినుకుని పక్కకి నెట్టేంత దెబ్బ కొడితే చాలనీ కుముదిని చెప్పింది. మరి శబ్దం వినపడదేమని ఇంకొకాయన అడిగాడు. ఆ శబ్దం మనిషి చెవికి అందనంత సన్నని స్థాయిలో ఉందనీ, కుక్కలకైతే వినపడుతుందనీ చెప్పింది. నిజంగానే వీధిలో ఒక్క కుక్క లేదు. స్టేడియంలో ఊరకుక్కల బెడద కూడా తీరుతుందని పెద్దలు సంబరపడ్డారు. ఇనపకప్పు కావాలన్నవాళ్లకి కప్పు దొరికింది, ఆకాశం కావాలన్నవాళ్లకి ఆకాశం దక్కింది. ఇద్దరి నోళ్లూ మూతపడినందుకు కుముదిని లోలోపల మురిసిపోయింది.

అయితే వాకిలి వేరు, స్టేడియం వేరు. దీపాల స్తంభాల మీద పెద్ద బాకాలు బిగించి తొలిసారి వానలో పరీక్షించినప్పుడు ఆ సన్నని శబ్దం మైదానం మధ్యదాకా వెళ్లేలోపే నీరసించిపోయింది. పిచ్ మీద చినుకులు పడ్డాయి. అంతకంటే ఘోరం, పెద్దల గ్యాలరీ ముందు వరస సోఫాల మీద కూడా పడ్డాయి. స్టేడియం మొత్తంలో అసలైన సిమెంటు కప్పు ఉన్నది ఆ గ్యాలరీకే. ముందు వరసకి మాత్రం జల్లు కొట్టేది. ఇంకో నాలుగు స్తంభాలు నిలబెడితే సరిపోతుందని కుముదిని అంది. అవి గ్యాలరీకి అడ్డొస్తాయని, కూర్చుంటే ఆట సరిగ్గా కనపడదని పెద్దలు ఒప్పుకోలేదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. శబ్దాన్ని కాస్త లావు చేస్తే ఎక్కువ దూరం పోతుంది, పెద్ద చినుకుల్ని కూడా నెడుతుంది. సెకనుకి పాతికవేల కంపనాల దగ్గర్నుంచి పదిహేడు వేలకి దించాలి. అందులో ఉన్న చిక్కు కుముదినికి బాగా తెలుసు. వయసు పెరిగేకొద్దీ మనిషి చెవి పై స్థాయి శబ్దాల్ని ఒక్కొక్కటే పోగొట్టుకుంటుంది. నలభై దాటినవాళ్లకి పదిహేడు వేలు వినపడవు. పిల్లలకి వినపడతాయి. అందుకని పిల్లల్ని కూర్చోబెట్టి పరీక్ష చెయ్యాలని ఆమె సంఘానికి చెప్పింది.

సింహాద్రినాయుడు నొచ్చుకున్నాడు. ఇంతమంది పెద్దలుండగా ఇలాంటి గొప్ప నిర్ణయానికి చిన్నపిల్లల సాక్ష్యమా అన్నాడు. ఆ సంఘంలో పదవులన్నీ వయసు ప్రకారం వచ్చేవే. అందరిలోకీ చిన్నాయనకి అరవై దాటాయి, ఆయన్ని ఇంకా కుర్రాడనే పిలిచేవాళ్లు. మంచిరోజు చూసుకుని, వాన పడుతుండగా, పెద్దలందరూ గ్యాలరీలో కూర్చున్నారు. బాకాలు వేశారు. వేడివేడి మిరపకాయ బజ్జీలు తింటూ, నమలడం ఆపి, కళ్లు మూసుకుని, భక్తిగా చెవులు రిక్కించారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. చీమ చిటుక్కుమన్నా తెలిసేంత నిశ్శబ్దంగా ఉందని కుర్రాడు మెచ్చుకున్నాడు. వినికిడి పరీక్ష విజయవంతమైందని అందరూ సంతకాలు పెట్టారు.

కుముదిని అప్పుడే గట్టిగా తగువేసుకోవచ్చు. నేల దాకా దిగే శబ్దం పెద్దగా హాని చెయ్యదని లెక్క వేసి చూసుకుంది. ఆ లెక్క సరిగ్గా సరిపోయిందని తనకే పూర్తిగా నమ్మకం లేదు. కానీ ఈ మూర్ఖులతో వాదన ఏమిటనుకుంది. వాళ్లని ఎంతగా ఏవగించుకుందో అంత సులువుగా వాళ్ల సంతకాలు తీసుకుని సంచిలో పెట్టుకుంది.

*

తన్మయి పదహారేళ్లలోపు అమ్మాయిల జట్టులో వికెట్ కీపరు. ఆ పిల్లకి బ్యాటు అంతంతమాత్రం, పరుగు కూడా అంతే. ఉన్నదల్లా చెవి. బంతి బ్యాటు అంచుని వెంట్రుకవాసి తాకినా ఆ చిన్న చప్పుడు ఆ పిల్లకి తెలిసిపోయేది. అంపైరు తటపటాయించేవాడు, బౌలరు వెనక్కి తిరిగిపోయేది, తన్మయి మాత్రం చేతులెత్తి అరిచేది. ఎప్పుడూ తప్పయ్యేది కాదు. రాష్ట్రజట్టు ఎంపికకి ఆ చెవిని చూసే పిలుస్తారని కోచ్ అనేది.

స్టేడియంలో వానలో తొలి ప్రాక్టీసు జరిగిన రోజు సాయంత్రం తన్మయి ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని చెవులు రుద్దుకుంది.

"అమ్మా, నీ బాకాలు వేసినంతసేపూ చెవిలో ఎవరో సూది పెట్టి తిప్పుతున్నట్టుందే," అంది.

కుముదిని కనుబొమ్మ లేచింది. నేలమీద ఆ శబ్దం చాలా తక్కువుంటుందనీ, దోమ కూతలాంటిదనీ, దాన్ని పట్టించుకుంటే పెద్దదవుతుందనీ, పట్టించుకోకపోతే పోతుందనీ చెప్పింది. భర్త మురళీధర్ పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. గొంతు పెంచని మనిషి. ఓసారి చెవుల డాక్టరుకి చూపిద్దామా అన్నాడు. నీకు శబ్దం గురించి ఏం తెలుసని కుముదిని అడిగింది. ఆయన చారు పోసుకున్నాడు.

అయినా మర్నాడు కూతురి చెవుల్లో దూది పెట్టి పంపింది. దూది పెట్టుకుంటే అంచు చప్పుడు అందలేదు. వరసగా రెండు క్యాచ్‌లకి తన్మయి అరవలేదు. కోచ్ తిట్టింది, పిల్ల దూది తీసి పారేసింది. కీపరు కూర్చునేది పిచ్ పక్కనే. పిచ్ మీద చుక్క నీరు పడకూడదని బాకాలన్నింటి గురీ పెట్టింది అక్కడికే. ఆ గురి పెట్టింది కుముదిని.

పెద్ద మ్యాచ్ రోజున ఊరు ఊరంతా స్టేడియంలోనే ఉంది. రెండో ఇన్నింగ్స్ మధ్యలో నల్లమబ్బు కొండ దాటి వచ్చింది. జనం అలవాటు కొద్దీ లేచి సర్దుకోబోయారు. వాన వచ్చి, మైదానం పైన గాలిలో ఆగి, నాలుగు పక్కలకీ జారి, స్టేడియం గోడల అవతల కాలవల్లో పడింది. నలభై వేలమంది నోళ్లు తెరుచుకుని పైకి చూశారు. ఆ తర్వాత ఎవడు ఎన్ని పరుగులు తీశాడో ఒక్కడికీ పట్టలేదు. గెలిచింది తమ జట్టేనని చాలామందికి ఇంటికి వెళ్లాక తెలిసింది. స్టాండుల్లో ఎక్కడికక్కడ పిల్లలు చెవులు మూసుకుని గుక్కపట్టి ఏడ్చారు. తల్లిదండ్రులు ముందు ఐస్‌క్రీములు కొనిపెట్టారు, అవి అయిపోయాక వీపు మీద ఒకటి వేశారు. ఇంత అద్భుతం జరుగుతుంటే ఏడుపేమిటని ఒకావిడ కొడుకుని నిలదీసింది.

సింహాద్రినాయుడికి సన్మానం జరిగింది. శాలువా కప్పి, కిరీటం పెట్టి, అపర భగీరథుడన్నారు. భగీరథుడు నీళ్లు తెచ్చినవాడే గాని ఆపినవాడు కాడని ఆ సభలో ఎవరికీ తట్టలేదు. కుముదినికి రెండో వరసలో కుర్చీ వేసి చిన్న శాలువా కప్పారు. ఆమె ముఖం చిట్లించుకుంటూనే దాన్ని భుజాల మీద సర్దుకుంది. సభ అయ్యేదాకా తియ్యలేదు.

*

కప్పు ఉన్నాక ఖాళీగా ఉంచడం దేనికని వానాకాలమంతా పిల్లల పోటీలు పెట్టారు. పిల్లలు చెవి నొప్పనేవాళ్లు, తలనొప్పనేవాళ్లు. అది బద్ధకమని, ఆట అంటే ఒళ్లు వంగాలని సంఘం తేల్చింది. తన్మయి రోజూ ఏదో ఒకటి చెప్పేది, కుముదిని రోజూ కొట్టిపారేసేది. తర్వాత్తర్వాత తన్మయి చెప్పడం తగ్గించింది. ఒకరోజు బూట్లు విప్పుకుంటూ తనంతట తనే అంది.

"ఇప్పుడా చప్పుడు రావట్లేదమ్మా. హాయిగా ఉంది."

కుముదినికి గుండెల మీద బరువు దిగినట్టయింది. బరువున్న సంగతే అప్పటిదాకా ఒప్పుకోలేదు. తన లెక్కే నిజమైందని మురళీధర్‌కి వినపడేలా రెండుసార్లు అంది. సంఘానికి కూడా చెప్పింది. మిగతా పిల్లలు కూడా ఫిర్యాదులు మానేశారని అక్కడ తెలిసింది. పిల్లలకి అలవాటైపోయిందని సింహాద్రినాయుడు వెళ్లిన ప్రతి సభలోనూ చెప్పుకున్నాడు.

దసరా సెలవులకి ముందు ఒక సాయంత్రం కుముదిని భోజనాల బల్ల మీద చిన్న బాకా ఒకటి పెట్టుకుని మీట సరిచేస్తోంది. ఎదురుగా తన్మయి సాంఘికశాస్త్రం చదువుకుంటోంది. కుముదిని పదిహేడు వేల దగ్గర మొదలుపెట్టి మీటని మెల్లగా కిందకి తిప్పింది. పదిహేను దాటాక సన్నని కూత ఒకటి ఆమె చెవికే తగిలింది. పదమూడు దగ్గర భరించలేక తల పక్కకి తిప్పుకుంది. వంటింట్లోంచి మురళీధర్ వచ్చి, ఏమిటా గోల, పళ్లు జివ్వుమంటున్నాయన్నాడు.

తన్మయి పేజీ తిప్పింది.

కుముదిని చెయ్యి మీట మీదే ఉండిపోయింది. కూతురిని పిలవలేదు. పదకొండుకి తిప్పింది. మురళీధర్ రెండు చెవులూ మూసుకున్నాడు. తన్మయి పెన్సిలు చివర కొరుక్కుంటూ ఏదో అండర్‌లైను చేసింది. పదికి తిప్పింది. ఎనిమిది దగ్గరకి వచ్చాక తన్మయి తలెత్తి, ఇప్పుడే మోగిందే, ఏంటమ్మా అది అని అడిగింది.

నలభై నాలుగేళ్ల తల్లికి వినపడింది పదమూడేళ్ల కూతురికి వినపడలేదు. పిల్లలు ఫిర్యాదు మానేసింది అలవాటై కాదు, వినే భాగం చచ్చిపోయి. అది ఆమెకి ఆ బల్ల దగ్గర, ఎవరూ చెప్పకుండానే, పూర్తిగా అర్థమైంది. మురళీధర్ భార్య ముఖం చూశాడు. తర్వాత కూతురి ముఖం చూశాడు. ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని కుముదినికి జీవితంలో మొదటిసారి అనిపించింది.

చెవుల డాక్టరు చూసి, తన్మయిని బయట కూర్చోమని, లోపల సన్నని రోమాలుంటాయనీ, పై స్థాయి శబ్దాల్ని పట్టేవి అవేననీ, అవి మళ్లీ మొలవవనీ చెప్పాడు. ఈ శబ్దంలోనే ఉంటే మాటలు వినే స్థాయి కూడా పోతుందన్నాడు. బయటికొచ్చాక తన్మయి అడిగితే కుముదిని మందు వాడితే తగ్గిపోతుందని అబద్ధం చెప్పింది. రెండు రోజుల తర్వాత ఆ చిన్న బాకా పట్టుకుని అమ్మాయిల ప్రాక్టీసుకి వెళ్లి, ఎవరికీ చెప్పకుండా పదిహేడు వేల దగ్గర వేసింది. జట్టులో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలు చెవులు మూసుకున్నారు. మిగిలినవాళ్లు కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నారు.

*

సంఘం సమావేశంలో కుముదిని మొత్తం చెప్పింది. కప్పు ఆపెయ్యాలంది. అది కనిపెట్టింది తనే కాబట్టి తప్పు కూడా తనదేనంది. తన జన్మలో ఒక గదినిండా మనుషుల ముందు అలాంటి మాట అనడం అదే మొదలు. పెద్దలు బజ్జీలు తెప్పించుకుని విన్నారు. అలవాటు కొద్దీ ఇంకోసారి పరీక్ష చేద్దామన్నారు. బాకా వేశారు, కళ్లు మూసుకున్నారు, తెరిచారు.

"నాకైతే ఏటీ వినపళ్లేదమ్మా," అన్నాడు సింహాద్రినాయుడు. "ఈళ్లెవరికీ వినపళ్లేదు. ఇంతమంది పెద్దోళ్లం అబద్ధమాడతామేటి?"

"మీకు వినపడదు కాబట్టే చెబుతున్నానండి."

"పిల్లలకి అలవాటైపోనాది కదా. మొదట్లో ఏడ్సారు, ఇప్పుడు ఏడుత్తన్నారా? లేదు. మరింకేటి గొడవ?"

కుముదిని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. డాక్టరు కాగితాలు చూపించింది. సింహాద్రినాయుడు జాలిగా నవ్వి, ఇనపకప్పువాళ్లు ఆమె చేత ఇలా మాట్లాడిస్తున్నారని ఊళ్లో అనుకుంటున్నారనీ, తను మాత్రం నమ్మలేదనీ చెప్పాడు. మర్నాడు అదే మాట పేపర్లో వచ్చింది. ముగ్గు మీద కురవని వానని పొగిడిన పేపరే అది.

ఇక ఎవరికి చెప్పాలి? తల్లిదండ్రుల దగ్గరికి వెళ్లింది. పెద్దలు సంతకం పెట్టారు కదా మేడం అన్నారు కొందరు. ఎంపికలు దగ్గర పడుతుంటే ఇలాంటివి బయటపెట్టి మా పిల్ల అవకాశం పోగొట్టకండి అన్నారు మరికొందరు. ఒకాయన తలుపు వేసుకున్నాడు. పిల్లల చెవులు పోయాయంటే నమ్మనివాళ్లు, కప్పు పోతుందంటే మాత్రం వెంటనే నమ్మి కంగారు పడ్డారు. తన్మయిని ఆట మాన్పించబోతే ఆ పిల్ల తిండి మానేసింది. రాష్ట్రజట్టు ఎంపికదార్లు ఫైనల్‌కి వస్తున్నారు, ఆ ఒక్కటీ ఆడతానంది. చప్పుడు కూడా రావట్లేదు కదా, ఇంకేమైందని అడిగింది.

అమ్మాయిల ఫైనల్ రోజున కుముదిని ఒక్క నిశ్చయంతో మీటల గదిలోకి వెళ్లింది. బాకాలు నడపడం ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తన కూతురి మీదా, ఇంకే పిల్ల మీదా ఆ శబ్దం ఇంకొక్క క్షణం పడనివ్వదు.

మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టింది. ఎదురుగా గ్యాలరీలో పెద్దలందరూ శాలువాలతో, ముఖ్య అతిథితో, సోఫాల్లో కూర్చుని ఉన్నారు. చినుకులు మొదలయ్యాయి. మైదానంలో పిల్లలు పైకి చూశారు. జనం ఈలలు వేశారు. వాన ఆగలేదు. పిచ్ తడిసింది, అంపైర్లు ఆట ఆపి పిల్లల్ని లోపలికి పంపేశారు. పిల్లలందరూ మైదానం దాటి లోపలికి వెళ్లేదాకా కుముదిని కిటికీలోంచి చూసింది. గ్యాలరీ పక్క స్టాండుల్లో ఎవరూ లేరు. పిల్లలెవరినీ ఆ దాపులకి రానిచ్చేవాళ్లు కాదు.

సింహాద్రినాయుడు ఫోన్ చేసి, ముఖ్య అతిథి ముందు పరువు తీస్తున్నావేటి, కప్పెయ్యమ్మా అన్నాడు. వేస్తున్నానండి అంది.

గ్యాలరీకి దగ్గరున్న స్తంభం మీది బాకాలను మాత్రం మీటతో మైదానం వైపు నుంచి తిప్పి ఆ సోఫాలకి గురిపెట్టింది. ఎవరికీ హాని జరగనంత తక్కువ బలం పెట్టింది. శబ్దాన్ని పదిహేడు వేల నుంచి దించి, దించి, అరవై ఏళ్లు దాటిన చెవికి కూడా తప్పకుండా అందే చోటుకి తెచ్చి ఆపింది. అప్పుడు మీట నొక్కింది.

గ్యాలరీలో అందరూ ఒక్కసారిగా లేచారు. చేతుల్లో ప్లేట్లు జారిపడ్డాయి. ఒకాయన శాలువా తలకి చుట్టుకున్నాడు, ఇంకొకాయన పక్కవాడి చెవులు మూశాడు. వెనక తలుపు దగ్గర తొక్కిసలాటయ్యేసరికి ముందుకి దూకారు. స్టేడియం మొత్తంలో ఉన్న ఒకే ఒక్క అసలైన కప్పు కింద నుంచి పెద్దలందరూ పంచెలు ఎత్తిపట్టుకుని వానలోకి, బురదలోకి పరిగెత్తారు. అందరికంటే ముందు సంఘం కుర్రాడున్నాడు.

ఫోన్ మోగింది.

"ఆపీయమ్మా, ఆపీ. చెవులు తూట్లు పడిపోతన్నాయి."

"కాసేపు ఓర్చుకోండి," అంది కుముదిని. "అలవాటైపోతుంది."

తర్వాత ఆపేసింది. అంతా కలిపితే ఒక మనిషి బజ్జీ నమిలి మింగేంతసేపు.

ఒక వానాకాలమంతా పిల్లలు ఏడ్చినా జరగని పని ఆ సాయంత్రం లోపే జరిగిపోయింది. సంఘం అక్కడే, తడి బట్టలతోనే కూర్చుని ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. పెద్దల ఆరోగ్యం దృష్ట్యా బాకాలను తక్షణం తొలగించాలి, ఇనపకప్పు పనులు మొదలుపెట్టాలి, డాక్టర్ కుముదిని మీద పోలీసులకి ఫిర్యాదు చెయ్యాలి. పిల్లల గురించి అందులో ఒక్క ముక్క లేదు. పిల్లలకేమైందని అడిగినవాడూ లేడు. ఆ తీర్మానం విన్నప్పుడు కుముదినికి నవ్వొచ్చింది. ఊరికి చివరికి కప్పు వస్తోంది. బస్సు స్టాపుల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

గెలిచానన్న పొగరుతోనే ఆమె మెట్లు దిగి అమ్మాయిల గదివైపు నడిచింది. పెద్దవాన తగ్గి సన్నని తుంపర పడుతోంది. వరండా పక్క గడ్డి మీదా, గది కిటికీ అద్దాల మీదా ఆ తుంపర చప్పుడు ఆమె చెవులకి స్పష్టంగా తెలుస్తోంది. మిగతా పిల్లలు టిఫిన్లకి వెళ్లారు. తన్మయి ఒక్కతే కిటికీకి వీపు పెట్టి బల్ల మీద కూర్చుని ఉంది. కాళ్లకి ప్యాడ్లు ఇంకా విప్పలేదు. తల్లిని చూడగానే లేచింది.

"వాన ఆగిపోయిందిగా అమ్మా. ఆట మొదలుపెడుతున్నారా?"

కుముదిని గుమ్మంలో ఆగిపోయింది. పిల్ల నిజంగానే అడుగుతోంది. ముఖంలో ఆశ ఉంది, చేతులు అప్పుడే కీపింగ్ గ్లవ్స్ కోసం వెతుకుతున్నాయి.

"ఆగలేదమ్మా, పడుతోంది," అంది కుముదిని.

"ఎక్కడ? చప్పుడే లేదు." తన్మయి వెనక్కి తిరిగి కిటికీ తెరిచి, చెయ్యి బయటపెట్టింది. లోపలికి తీసుకుని తడి అరచేతిని చూసుకుంది. మళ్లీ బయటపెట్టింది. తల కొంచెం కిటికీలోంచి వంచి, అంచు చప్పుడు కోసం వినేటప్పుడు ఎలా వినేదో అలా, కదలకుండా, చాలాసేపు విన్నది. తర్వాత తల్లివైపు తిరిగింది.

"మందు వాడితే తగ్గుతుందన్నావు కదమ్మా."

కుముదిని అలవాటు కొద్దీ నింద మొయ్యడానికి ఎవరినైనా వెతుక్కుంది. సంఘం పెద్దలు గుర్తొచ్చారు, సింహాద్రినాయుడు గుర్తొచ్చాడు, వాళ్లలో ఏ ఒక్కరి మీదకీ ఈ మాట నెట్టడానికి లేదు. వాళ్లకి వినపడక సంతకం పెట్టారు. తను తెలిసి తెలిసీ ఆ సంతకాలు తీసుకుంది. ఇన్నేళ్లుగా ఊరందరి మీదా విసిరిన ఏహ్యభావమంతా తిరిగొచ్చి ఆ ఇరుకు గదిలో తన మీదే పడింది. పడాల్సిన చోటే పడిందని ఆమెకి తెలుసు.

"తగ్గదు తల్లీ," అంది. "అబద్ధం చెప్పాను."

తన్మయి కిటికీ మూసేసింది. బల్ల మీద కూర్చుని, తల వంచుకుని, ఒక్కొక్క పట్టీ లాగి ప్యాడ్లు విప్పడం మొదలుపెట్టింది. కుముదిని సాయం చెయ్యబోతే కాలు వెనక్కి లాక్కుంది. బయట తుంపర పడుతూనే ఉంది. దాన్ని ఆ గదిలో విన్నది తల్లి ఒక్కతే.